పోటు నీళ్ళలో తోలు జోడు

అలింగ్ సేపా షెడ్డు దగ్గర మా ఊరు రోజుకి రెండుసార్లు కాళ్ళు మార్చుకుంటుంది.

మా పూలోంగ్ తలాబాలో సముద్రపు పోటు రావడానికి వాన అక్కర్లేదు. ఎండ కాస్తుండగానే కాలవల్లోంచి నీళ్ళు లేచి, గుమ్మం దాటి లోపలికొచ్చి, కుర్చీల కింద తీరిగ్గా కూర్చుంటాయి. ప్రతి ఎన్నికకీ రోడ్డు ఒక మూర పైకి లేస్తుంది, ఇళ్ళు ఒక మూర కిందికి దిగుతాయి. అందుకని బయటికి పోయేవాళ్ళంతా మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని నీళ్ళలో నడిచి, జనాన్ని పట్నానికి చేరవేసే జీప్నీ బండ్ల స్టాండుకి వస్తారు. నీళ్ళు ఆగేది అక్కడే. స్టాండు పక్కన రేకుల షెడ్డు, అందులో ఒక బల్ల, గోడ నిండా మేకులు. ఒక్కో మేకుకి ఒక్కో నల్ల తోలు జోడు. టీచర్లవి, బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిలవి, మునిసిపాలిటీ గుమాస్తాలవి, బడి పిల్లలవి. వచ్చినవాళ్ళు రబ్బరు బూట్లు విప్పి, నీళ్ళు ఒంపేసి, తమ మేకు దగ్గరికి పోయి జోడు తొడుక్కుని జీప్నీ ఎక్కుతారు. సాయంత్రం తోలు విప్పి రబ్బరు తొడుక్కుని నీళ్ళలోకి దిగుతారు.

ఆ స్టాండులో జనాన్ని కేకేసి జీప్నీ ఎక్కించే పని నాది. "మలోలోస్, మలోలోస్, ఇంకొక్కరే!" అని, బండి పోయే ఊరి పేరు పెట్టి, సగం బండి ఖాళీగా ఉన్నప్పుడు కూడా అరుస్తుంటాను. అరవని సమయమంతా ఆ షెడ్డులోనే గడుపుతాను. జోళ్ళు బాగుచేసే అలింగ్ సేపా తడి జోళ్ళలో కూరడానికి పాత పేపర్లు కట్టలుగా తెప్పిస్తుంది. వాటిని కూరేముందు చదివేది నేనే.

ఆవిడ మెత్తని మనిషి కాదు. పొట్టిగా, గట్టిగా, నోరు ఎప్పుడూ తెరిచి ఉంటుంది. ఒక టీచరమ్మ జోడు తెచ్చి బల్లమీద పెడితే, దాన్ని తోక పట్టుకున్నట్టు పట్టుకుని పైకెత్తుతుంది.

"ఇది జోడా, ఎండు చేపా? ఎండలో పెట్టావు కదూ?"

"తొందరగా ఆరుతుందని, అలింగ్ సేపా..."

"ఆరింది. చచ్చిపోయి ఆరింది. ఉప్పునీళ్ళు తాగిన తోలుని ముందు మంచినీళ్ళతో కడగాలమ్మా. తడిసినదాన్ని మళ్ళీ తడపడమేంటని నవ్వుతారు మీరు. ఉప్పు లోపలుంటే తోలు బిగుసుకుపోదూ? కడిగి, వెనిగరు గుడ్డతో తుడిచి, పేపరు కూరి, నీడలో పెట్టాలి. పేపరు తడిస్తే మార్చాలి. పిల్లాడి గుడ్డ మార్చినట్టు మార్చాలి. పెళ్ళయిందా నీకు?"

"ఇంకా లేదు."

"అదీ సంగతి."

టీచరమ్మకి కోపం రాదు. అక్కడ ఎవరికీ రాదు. మర్నాటికి ఆ జోడు మళ్ళీ నల్లగా, మెత్తగా, నూనె వాసనతో మేకుకి వేలాడుతుంటుంది.

ఆవిడ పుట్టింది ఈ నీళ్ళ ఊళ్ళో కాదు. మెయికవాయన్‌లో, తోళ్ళు నానబెట్టే పేటలో. ఆ పేట పక్కనుంచి పోయేవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఆవిడ తండ్రి జోళ్ళు కుట్టేవాడు. కొడుకులు లేరు కాబట్టి తోలు కుట్టే ఆరె, దారం కూతురి చేతికొచ్చాయి. మా ఊరికి ఎలా వచ్చిందని అడిగితే చాలు, చేతిలో పని ఆపేసి చెబుతుంది.

"ఈయన మా కొట్టుకొచ్చాడు. ఊరేగింపులో పునీతుడి విగ్రహం మొయ్యాలి, నల్ల జోడు కావాలన్నాడు. కొలత తీద్దామని అట్టముక్క మీద కాలు పెట్టమన్నాను. అట్టముక్క చాల్లేదు. బురదలో తిరిగీ తిరిగీ వేళ్ళన్నీ విచ్చుకుపోయున్నాయి. 'ఇది కాలా, పడవా?' అన్నాను. 'పడవే, ఎక్కుతావా?' అన్నాడు. ఎక్కాను. ఇంకా దిగలేదు."

ఈయన అంటే మాంగ్ ఇల్యో. మా ఊళ్ళో పెద్ద వయసు ఆడవాళ్ళ పేరు ముందు అలింగ్, మగవాళ్ళ పేరు ముందు మాంగ్ అంటాం. చేపల చెరువుల గట్లు కాపలా కాస్తాడు. సన్నగా, నల్లగా, గట్టు మీద పాతిన వెదురుబొంగులా ఉంటాడు. సాయంత్రం షెడ్డుకొచ్చి భార్య పక్కన కూర్చుంటాడు. మాట తక్కువ. అలింగ్ సేపా నోరు అందరిమీదా లేస్తుంది గాని, ఆయన వచ్చి కూర్చున్నాక ఒక మెట్టు దిగుతుంది.

ఆయన మోసేది మా ప్రార్థనాలయంలోని పునీత రఫాయేలుని. ఆ పల్లకీకి ముందు కుడి భుజం ఆయనది. దాన్ని మోసేవాళ్ళంతా నల్ల తోలు జోళ్ళే వెయ్యాలి. అది ఏ మతాచారమూ కాదు, పౌరుషం. ఒకప్పుడు మావాళ్ళు వట్టి కాళ్ళతో మోసేవాళ్ళట. పట్నం పెద్ద చర్చి మెట్ల దగ్గరికొచ్చేసరికి అక్కడి పెద్దమనిషి ఒకడు, "బురదకాళ్ళ వాళ్ళు కిందే ఆగండి, పునీతుణ్ణి మావాళ్ళు లోపలికి తీసుకుపోతారు" అన్నాడట. ఇల్యో తండ్రి ఆ రోజు మెట్ల కింద నిలబడిపోయాడు. మరుసటి ఏడు మోసేవాళ్ళందరూ నల్ల తోలు జోళ్ళతో వచ్చారు. ఎవరూ ఆపలేదు. ఆ పెద్దమనిషి పేరు ఇప్పుడు ఎవరికీ తెలీదు. జోళ్ళు మాత్రం తరం నుంచి తరానికి వస్తున్నాయి. అప్పట్లో దారి పొడిగా ఉండేది. ఇప్పుడు పండగ నెలలో దారి సగం నీళ్ళే. అయినా సరే తోలు జోడే. మా ఊళ్ళో నాకు నచ్చే విషయాలు ఎక్కువ లేవు. వాటిలో ఇదొకటి.

పోయినేడు ఊరేగింపు అయ్యాక మాంగ్ బెస్తింగ్ చనిపోయాడు.

పల్లకీ వెనక భుజం ఆయనది. పిక్క మీద చిన్న గీత ఉండింది, ఎక్కడ గీసుకుందో ఆయనకే తెలీదు. చర్చి దగ్గర పల్లకీ దించగానే జోడు విప్పి, తోట కుళాయి కింద కాళ్ళు పెట్టి, "అబ్బ, హాయిగా ఉందిరా" అన్నాడు. మేమంతా చూశాం. కొన్నాళ్ళకి జ్వరం, ఒళ్ళు నొప్పులు, కళ్ళు పసుపు ముద్దల్లా అయ్యాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఎలుక జ్వరమని నర్స్ లిగాయా చెప్పింది. నిలవ నీళ్ళలో ఎలుకల మూత్రం కలుస్తుంది, పుండు ఉంటే అందులోంచి ఒంట్లోకి పోతుంది, నీళ్ళలోంచి బయటికి రాగానే సబ్బుతో కడుక్కోండి, పుండుంటే నా దగ్గరికొచ్చి మాత్రలు తీసుకోండి అని ఇంటింటికీ తిరిగి చెప్పింది.

ఊరు విన్నది గాని నమ్మలేదు. ఊరి లెక్కలో బెస్తింగ్‌ని చంపింది పస్మా. వేడెక్కిన ఒంటికి చన్నీళ్ళు తగిలితే చలి నరాల్లోకి దూరుతుంది, చేతులు వణుకుతాయి, అరచేతుల్లో చెమట పడుతుంది, ముదిరితే మనిషి పోతాడు. అదే పస్మా. మా అమ్మ బట్టలు ఇస్త్రీ చేసిన రోజు చేతులు కడుక్కోదు. గట్టు మీద పని చేసొచ్చినవాడు మట్టికాళ్ళతోనే పడుకుంటాడు. అలింగ్ సేపా షెడ్డు ముందు నీళ్ళ పీపా, సబ్బు పెట్టింది. ఆ సబ్బు అరగదు. రబ్బరు బూట్లలో ఉడికిన కాళ్ళని చన్నీళ్ళలో పెట్టడానికి ఎవరికీ ధైర్యం లేదు. గుడ్డతో తుడుచుకుని జోడు తొడుక్కుని పోతారు.

ఒకసారి నాకు ఒళ్ళు మండింది. "పస్మాకి కళ్ళు పచ్చబడవు. అది క్రిమి. పేపర్లో రాశారు" అన్నాను.

పల్లకీ మోసేవాళ్ళలో మాంగ్ గోర్యో నోరు పెద్దది. "ఏ పేపరురా ఆంబోయ్? జోడులో కూరిందా? ఎవరి కాలి వాసనొచ్చింది?" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. మాంగ్ ఇల్యో నవ్వలేదు. "బెస్తింగ్ కాళ్ళు కడిగాడు, పోయాడు. నేను కడగలేదు, ఉన్నాను. ఇందులో పేపరుకేం పని?" అన్నాడు నెమ్మదిగా.

నేను లేచి జీప్నీకి జనాన్ని కేకెయ్యడానికి పోయాను. నా దగ్గరున్న జవాబు ఆయన వినేది కాదు.

బెస్తింగ్ భుజం ఖాళీ అయింది కాబట్టి ఈ ఏడు నన్ను మొయ్యమన్నారు. పునీతుడి మీద నాకేమంత నమ్మకం లేదు. కానీ పల్లకీ ఒక పక్కకి ఒరుగుతుంటే చూస్తూ నిలబడడం కూడా నా వల్ల కాదు. ఒప్పుకున్నాను.

పండగ దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం మేయరు మనిషి ట్రైసికిల్ నిండా పెట్టెలు వేసుకొచ్చాడు. పెట్టె విప్పితే పచ్చటి రబ్బరు బూట్లు, వాటిమీద ఎర్రటి అక్షరాలతో మేయరు పేరు.

"మోసేవాళ్ళందరికీ మేయరుగారి ప్రేమ కానుక. నీళ్ళలో తోలు జోళ్ళు పాడు చేసుకోవడమెందుకని ఆయన బాధపడ్డారు" అన్నాడు.

గోర్యో ఒక బూటు తీసి చూశాడు. "ఎడం కాలికి పేరు, కుడి కాలికి ఇంటిపేరు. ఒక కాలు బురదలో ఇరుక్కుంటే మేయరు సగమే మిగుల్తాడు."

"మాంగ్ ఇల్యో, మీరు చెప్పండి" అన్నాడు మేయరు మనిషి.

మాంగ్ ఇల్యో బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. "పునీతుడు పైన, మేయరు కింద. మేయరుగారికి సమ్మతమేనా కనుక్కో" అన్నాడు.

"తోలు తడిస్తే పోతుంది కదండీ."

"పోకుండా చూడ్డానికే కదా మా ఆవిడ ఉంది."

అలింగ్ సేపా ముఖం ఇంత చేసుకుంది. పెళ్ళిరోజు కూడా ఆయన అంత పెద్ద మాట అని ఉండడు. మేయరు మనిషి పెట్టెలు సర్దుకుంటుంటే ఆవిడ చూపు మొగుడి కాళ్ళ మీద పడింది. ముఖం మారింది.

"ఏమయ్యా, ఎడం మడమ కింద ఆనడం లేదేం?"

"ఆనుతోంది."

"ఆనడం లేదు. మునివేళ్ళ మీద నిలబడ్డావు. విప్పు."

"ఏం విప్పాలే?"

"బూటు విప్పు."

నలుగురిలో అడిగింది కాబట్టి విప్పక తప్పలేదు. మడమ పక్కన ఆల్చిప్ప కోసిన గాటు, బొటనవేలంత. గట్టు కింద దిగినప్పుడు అయి ఉంటుంది. రోజులుగా రబ్బరు బూటులో నాని అంచులు తెల్లగా, అన్నం మెతుకుల్లా అయిపోయాయి. షెడ్డులో అందరికీ బెస్తింగ్ గుర్తొచ్చాడు. ఎవరూ పేరెత్తలేదు.

"ఈ ఏడు నువ్వు మొయ్యవు" అంది అలింగ్ సేపా.

"నేను మొయ్యకపోతే ఎవరు మోస్తారు, మేయరా?"

"ఎవరైనా మొయ్యనీ. ఈ కాలు నీళ్ళలో పెడితే..."

"మా నాన్న మెట్ల కింద ఆగిపోయాడు. నేను ఆగను."

ఆ మాట తర్వాత వాదన లేదని ఆవిడకి తెలుసు. గొంతు తగ్గించింది. "సరే, మొయ్యి. నర్సు దగ్గరికెళ్ళి మాత్రలు తెచ్చుకో. చర్చి దగ్గర పల్లకీ దించగానే సబ్బుతో కాళ్ళు కడిగించుకో. నేనే కడుగుతాను. అంతే అడుగుతున్నాను."

"బెస్తింగ్ లాగానా?"

"బెస్తింగ్ పోయింది కడిగినందుకు కాదయ్యా!"

"సేపా," అన్నాడాయన, "జోడు గురించి నువ్వు చెప్పు, నేను వింటాను. నా నరాల గురించి నువ్వు చెప్పకు."

బూటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మునివేళ్ళ మీదే. మాత్రలు తెచ్చుకున్నాడు గాని, జ్వరం రాకుండా మాత్రేమిటని దిండు కింద పెట్టేశాడట. అలింగ్ సేపా ఆ సాయంత్రమంతా ఒక్కరినీ తిట్టలేదు. జోళ్ళు అడిగినవాళ్ళకి అడిగినట్టు ఇచ్చేసింది. అలాంటి రోజు నేనెప్పుడూ చూడలేదు. మూడోసారి పేపరు మారుస్తూ, నావైపు చూడకుండా అడిగింది.

"ఒరేయ్ ఆంబోయ్, పస్మా పడితే మీ అమ్మ ఏం చేస్తుంది?"

"గోరువెచ్చని ఉప్పునీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. బియ్యం కడిగిన నీళ్ళు కూడా పోస్తుంది. ఎందుకు?"

"ఊరికే" అంది. చేతిలో ఉన్న జోడులోకి పేపరు చాలా గట్టిగా కూరింది.

పండగ పొద్దున పోటు ముందే వచ్చేసింది. మోసేవాళ్ళందరం షెడ్డు దగ్గర చేరాం. అలింగ్ సేపా గొంతు తిరిగొచ్చింది. పొయ్యి మీద కొవ్వొత్తి ముక్కలు, తేనెమైనం, కొబ్బరినూనె కలిపి కరిగిస్తోంది. మా జోళ్ళ లోపలి అట్టలు ఊడబీకి పక్కన పెట్టింది. ఆ మైనం వేడిగా ఉండగానే గుడ్డతో కుట్ల వెంట రుద్దింది. తోలు తాగినంత తాగనిచ్చి మళ్ళీ రుద్దింది.

"మేజోళ్ళు విప్పండి, అందరూ. మేజోడు నీళ్ళు మోస్తుంది. మీరు మొయ్యాల్సింది పునీతుణ్ణి, నీళ్ళని కాదు."

"వట్టి కాలికి తోలు ఒరుసుకుపోతుంది కదా" అన్నాడు గోర్యో.

"అందుకే ఈ నూనె. వేళ్ళ సందుల్లో పెట్టు. అక్కడ కాదయ్యా, సందుల్లో! నీ కాలి వేళ్ళు నువ్వే ఎప్పుడూ చూసుకోలేదా?"

"పొట్ట అడ్డం."

"లేసులు చీలమండ చుట్టూ రెండు చుట్లు తిప్పి బిగించండి. బురద జోడు లాక్కుంటే కాలు బయటికొస్తుంది, కాలు బయటికొస్తే ఆల్చిప్పలు చూసుకుంటాయి. పోయినేడు కొందరు దొరలు జోళ్ళు మెడలో వేసుకుని వట్టి కాళ్ళతో నడిచారు, తోలు పాడవుతుందని. తోలు పాడైతే నేను బాగుచేస్తాను. కాలు పాడైతే ఎవరు చేస్తారు? నీళ్ళలో అడుగెత్తి వెయ్యొద్దు. ఈడ్చండి. గాజుపెంకుంటే జోడుకి తగులుతుంది, గొయ్యి ఉంటే ముందే తెలుస్తుంది."

అందరివీ అయ్యాక మొగుడి ముందు పీట వేసుకుని కూర్చుంది. ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు.

"తడి లేదయ్యా. పొడి గుడ్డ. చూసుకో."

పొడి గుడ్డతో ఒత్తి, శుభ్రమైన పట్టీ వేసి, పైన సైకిలు ట్యూబు ముక్క చుట్టి అతికించింది. అంతవరకు ఒప్పుకున్నాడు. జోడు తొడిగి లేసులు బిగిస్తుంటే ఆవిడ తల ఎత్తలేదు. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. నీళ్ళు ఎంతసేపు మడమ చుట్టూ ఉంటాయో, ట్యూబు ముక్క ఎంతసేపు ఆగుతుందో అందరికీ తెలుసు.

ప్రార్థనాలయం దగ్గర పల్లకీ లేచింది. ముందు బ్యాండు మేళం, వెనక తెల్లబట్టల ఆడపిల్లలు కొవ్వొత్తులతో, మధ్యలో మేము. భుజం మీద కర్ర పడ్డ మరుక్షణం పునీతుడు ఉన్నాడా లేడా అనే ప్రశ్న పోతుంది. బరువు ఉంది, అంతే. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. మొదట జోళ్ళలోంచి బుడగలు వచ్చాయి, తర్వాత చల్లగా నీళ్ళు నిండాయి, ఆ తర్వాత ఒంటి వేడికి అవే వెచ్చబడ్డాయి. నా ముందు మాంగ్ ఇల్యో మెడ కనిపిస్తోంది. ఆయన అడుగు ఈడుస్తున్నాడు. ఎడం కాలు కూడా పూర్తిగా ఆనిస్తున్నాడు. పల్లకీ కింద మునివేళ్ళ మీద నడవడం కుదరదు.

బేకరీ మలుపు దగ్గర రోడ్డు కింద తూముకి మూత లేదు. నీళ్ళలో ఏం కనబడుతుంది? మాంగ్ ఇల్యో కాలు ఈడుస్తూ పోయాడు కాబట్టి అంచు ముందే తగిలింది. అడుగెత్తి వేసి ఉంటే నేరుగా అందులోకి పోయేవాడే. అయినా కాలు సగం జారింది. పల్లకీ ముందుకి వాలింది. పునీతుడి చేతిలోని కొయ్య చేప మా అందరి తలల మీదికి ఊగింది. ఆడపిల్లలు కెవ్వుమన్నారు.

"పైకి! పైకి పట్టండి!" గోర్యో అరిచాడు.

మాంగ్ ఇల్యో భుజం వదిలి రెండు చేతులతో కర్రని తలపైకెత్తి పట్టుకున్నాడు. ఆ వయసులో ఆ బరువుని అలా పట్టుకోవడం మామూలు సంగతి కాదు. మేము వెనక నుంచి నెట్టి నిలబెట్టేదాకా అలాగే ఉన్నాడు. మళ్ళీ భుజానికెత్తుకున్నాం. బ్యాండు ఆగనేలేదు. వాళ్ళకి వెనక ఏం జరిగినా పట్టదు.

చర్చి దగ్గర నేల పొడి. నల్ల జోళ్ళతో మెట్లు ఎక్కాం. ఒక్కో అడుగుకీ జోళ్ళలోంచి నీళ్ళు చప్ చప్‌మని చిమ్ముతున్నాయి. మెట్ల మీద నిలబడ్డవాళ్ళు తప్పుకుని దారిచ్చారు. లోపల పునీతుణ్ణి దించి బయటికొచ్చి, మెట్ల మీదే కూలబడ్డాం.

చర్చి ఆవరణలో చెట్టు కింద ఊరేగింపు జనానికి అల్లం వేసిన అన్నం జావ కాస్తున్నారు. బొగ్గుల పొయ్యిల మీద పెద్ద పెద్ద డేగిశాలు. అలింగ్ సేపా గరిటెతో అక్కడుంది. మమ్మల్ని చూసి గరిటె వదిలేసి నడుచుకుంటూ వచ్చింది. కాళ్ళ మాట ఎత్తలేదు. మొగుడి ముందు నిలబడి ఆయన చేతులు చూసింది. తూము దగ్గర పల్లకీని ఎత్తిపట్టిన చేతులు. మోకాళ్ళ మీద పెట్టుకున్నా ఆగకుండా వణుకుతున్నాయి.

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని, ఆవరణంతా వినబడేలా కేకేసింది.

"అయ్యో దేవుడా! పస్మా! పస్మా పట్టేసింది!"

జావ తాగేవాళ్ళంతా తిరిగి చూశారు. మాంగ్ ఇల్యో గబుక్కున చేతులు దాచుకోబోయాడు. ఆవిడ ఒకటి పట్టుకుని, అరచెయ్యి తెరిచి అందరికీ చూపించింది.

"చూడండి, చెమట. వణుకు. వేడిమీద ఉన్న మనిషి ఇంత దూరం నీళ్ళలో నడిస్తే పట్టదా? నేను చెబితే విన్నాడా?"

"నాకేం కాలేదు" అన్నాడాయన. కానీ చెయ్యి ఆయన మాట వినడం లేదు. ఇంకా వణుకుతోంది. ఆయన దాన్ని కొత్తగా చూసినట్టు చూశాడు.

"గోర్యో, నీ చేతులు చూపించు" అంది అలింగ్ సేపా.

గోర్యో చాచాడు. అవీ వణికాయి. అంత బరువు మోశాక ఎవరి చేతులైనా వణుకుతాయి. నావీ వణికాయి. నేను నోరు తెరవబోయాను. అలింగ్ సేపా నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు తిన్నాక పేపరు చదివినవాడు, చదవనివాడు అన్న తేడా ఉండదు. నోరు మూసుకున్నాను.

"ఇప్పుడేం చెయ్యాలి?" గోర్యో గొంతులో హాస్యం పోయింది.

"ఏం చెయ్యాలో మీ అమ్మలు చెప్పలేదా? వేడి ఉప్పునీళ్ళలో పెట్టాలి. వెంటనే."

అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు చివరి పొయ్యి మీది డేగిశా దించి మోసుకొస్తున్నారు. మూత తీస్తే అది జావ కాదు. బియ్యం కడిగిన నీళ్ళు, గుప్పెళ్ళకొద్దీ ఉప్పు, జామాకులు. ఆవిరి మెట్లంతా కమ్మింది.

మాంగ్ ఇల్యో డేగిశా వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఆయన తెలివితక్కువ మనిషి కాదు.

"పస్మా పట్టకముందే నీళ్ళెలా కాగాయే?"

"పండగ కదా, ఎవరికో ఒకరికి పడుతుందని పెట్టాను."

"పట్టింది చేతులకి. కాళ్ళెందుకు?"

"నరం కాలి దగ్గర మొదలవుతుందయ్యా. నీ నరాల గురించి నేను చెప్పకూడదు, సరే. పెద్దవాళ్ళని అడుగు."

మెట్ల మీద ఉన్న ముసలమ్మలు ముగ్గురు ఒకేసారి తలలూపారు. "అవును, కాళ్ళే ముందు" అంది ఒకావిడ, జావ చప్పరిస్తూ. "మా ఆయనకి కాళ్ళు పెట్టకనే ముదిరింది."

ఇంక ఆయనకి దారి లేదు. పస్మాకి భయపడి నీళ్ళు ముట్టని మనిషి, పస్మాకి మందు వద్దనలేడు. లేసులు విప్పుకోబోతే వేళ్ళు వణికి ముడి రాలేదు. అలింగ్ సేపా మెట్టు మీద కూర్చుని ముడి విప్పి, జోడు లాగింది. జోడులోంచి బురదనీళ్ళు పారాయి. ట్యూబు ముక్క సగం ఊడి వేలాడుతోంది. పట్టీ నల్లబడింది. ఆవిడ పట్టీ తీసి, లోతైన పళ్ళెంలోకి ఆ నీళ్ళు ఒంపి, కాలు అందులో పెట్టింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. పెట్టిన కాలు తియ్యలేదు.

"పుండు మండుతోంది."

"మండితే మందు పనిచేస్తున్నట్టే."

జేబులోంచి సబ్బు తీసింది.

"పస్మాకి సబ్బేంటి?"

"కొత్త పద్ధతి."

"ఎవరు చెప్పారు?"

"ఆంబోయ్ పేపర్లో చదివాడు."

అందరూ నావైపు చూశారు. నేను తలూపాను. ఏ పేపర్లోనూ నేను అలాంటిది చదవలేదు.

ఆవిడ మడమ చుట్టూ, వేళ్ళ సందుల్లో, పిక్కల దాకా రుద్దింది. పైన మరిన్ని కాచిన నీళ్ళు పోసింది. మళ్ళీ రుద్దింది. నీళ్ళు మారిస్తే మొదటి పళ్ళెంలో నీళ్ళు కాలవ నీళ్ళలా ఉన్నాయి. గాటు అంచుల తెలుపు పోయి ఎర్రటి మాంసం కనిపించింది. అప్పుడు గాని ఆవిడ సబ్బు పక్కన పెట్టలేదు. జాకెట్టు లోపల్నుంచి మాత్ర తీసింది. దిండు కింది మాత్రే అయి ఉండాలి.

"ఇది పైనుంచి. అది కిందనుంచి. రెండూ కలిస్తేనే దిగుతుంది."

ఆయన నోరు తెరిచాడు. మింగేశాడు.

గోర్యో తన జోడు తనే విప్పుకుని, "నాకు ఇంకో పళ్ళెం లేదా? నా చేతులు ఆయనకంటే ఎక్కువ వణుకుతున్నాయి, చూడండి" అంటున్నాడు. వెనకున్నవాళ్ళూ విప్పుకుంటున్నారు. జావ కాసే ఆడవాళ్ళు మరో డేగిశా తెచ్చారు, మరో డేగిశా తెచ్చారు. పట్నం జనం మెట్ల మీద ఇరుక్కుని నిలబడి చూస్తుంటే, మా పూలోంగ్ తలాబా వాళ్ళు పెద్ద చర్చి మెట్లనిండా కాళ్ళు చాపుకుని కడిగించుకున్నారు. ఒకాయన వచ్చి ఇక్కడ కాదు, అటు పక్కకి వెళ్ళండి అనబోయాడు. "పస్మా!" అంది అలింగ్ సేపా. అతనూ ఈ దేశం వాడే. వెనక్కి తగ్గాడు.

మర్నాడు సాయంత్రం మాంగ్ ఇల్యో గట్టు నుంచి నేరుగా షెడ్డుకి వచ్చాడు. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. ఆయన పీట మీద కూర్చుని, ఏమీ అనకుండా, బూటు విప్పాడు. పట్టీ కింద గాటు మూసుకోవడం మొదలైంది. జ్వరం లేదు. తర్వాత కూడా రాలేదు.

"ఎన్నాళ్ళిలా?" అన్నాడు కాలు పళ్ళెంలో పెడుతూ.

"చేతులు చూపించు."

చాచాడు. గట్టు మీద పార పట్టి వచ్చిన చేతులు, కొద్దిగా వణికాయి. ఆవిడ డాక్టరులా వంగి పరీక్షగా చూసింది.

"ఇంకా ఉంది. తగ్గేదాకా రోజూ పెట్టాలి."

ఆయన చేతులు వెనక్కి తీసుకుని తన ముఖం ముందు పెట్టుకుని చూసుకున్నాడు. ఆ వయసులో సాయంత్రం పూట వచ్చే ఆ వణుకు ఇక తగ్గేది కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన రెండో బూటు కూడా విప్పాడు.

"నీళ్ళు ఇంకొంచెం వేడిగా పొయ్యి" అన్నాడు.